కదలిక దారులు వెదికిన వైద్యుడు - వైల్డర్ పెన్‌ఫీల్డ్

శిడ్లఘట్ట ప్రాంతంలో పట్టుగూళ్ళ నుండి దారం తీసేవారిని మీరు చూసే ఉంటారు. వేడినీళ్ళలో నానిన గూడు నుండి, కంటికి సరిగా ఆనని పోగు కొనను వారి వేళ్ళు ఇట్టే పట్టుకొంటాయి. పోగు తెగితే క్షణంలో మరో కొన అందిస్తాయి. అదే సమయంలో కళ్ళు పోగును కనిపెడుతుంటాయి. చెవులు పక్కవారి మాట వింటుంటాయి. నోరు బదులు చెబుతుంటుంది. ఇన్ని పనులు ఒకేసారి తడబాటు లేకుండా ఎలా సాగుతున్నాయి? వేళ్ళకు ఆజ్ఞ ఎక్కడి నుండి వస్తోంది? ఆ ఆజ్ఞ ఏ దారిన పోతోంది?

ఆజ్ఞ మెదడు నుండి వస్తుందని నేడు మనకు తెలుసు. కాని మెదడులో ఏ భాగం చేతిని కదిలిస్తుంది, ఏ భాగం కాలిని కదిలిస్తుంది అన్న సంగతి మనుషుల విషయంలో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. మెదడు గట్టి ఎముకపెట్టెలో భద్రంగా ఉంటుంది. బ్రతికి ఉన్న మనిషి మెదడును తెరిచి చూడడం సామాన్యమైన పని కాదు. ఆ పనిని రోగుల ప్రాణాలు కాపాడడం కోసం చేపట్టి, అందులో నుండే మానవజాతికంతటికీ ఉపయోగపడే జ్ఞానాన్ని సంపాదించిన వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్.

పెన్‌ఫీల్డ్ 1891వ సంవత్సరం జనవరి 26వ తేదీన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పొకేన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వైద్యుడే గాని ఆయన వృత్తి నిలకడగా సాగలేదు. వైల్డర్‌కు ఎనిమిదేళ్ళ వయస్సులో తల్లి జీన్ పిల్లలను వెంటబెట్టుకొని విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్ళో తన పుట్టింటికి చేరింది. కుటుంబ భారం ఆమె మీదనే పడింది. అయినా కొడుకు చదువు విషయంలో ఆమె వెనుకంజ వేయలేదు. వైల్డర్‌కు పదమూడేళ్ళు వచ్చినప్పుడు రోడ్స్ విద్యార్థి వేతనం గురించి ఆమెకు తెలిసింది. చదువులోనూ ఆటల్లోనూ రాణించే యువకులను ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి పంపే వేతనం అది. తన కొడుకు దానిని పొందాలని ఆ తల్లి ఆనాడే సంకల్పించింది. వైల్డర్ ఆ మాటను మరచిపోలేదు.

అతడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరి 1913లో పట్టా పొందాడు. చదువుతోపాటు ఫుట్‌బాల్ ఆటలోనూ పేరు తెచ్చుకొన్నాడు. వైద్యుడు కావాలని మొదట అతనికి అంతగా కోరిక లేదు. చివరకు తోటివారి బాధ తీర్చడానికి వైద్యం కంటే మంచి మార్గం లేదని నిశ్చయించుకొన్నాడు. డబ్బు కూడబెట్టడానికి కొంతకాలం ఆటల శిక్షకుడిగా, ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1914లో రోడ్స్ వేతనం లభించింది. తల్లి పదేళ్ళ కల నెరవేరింది.

ఆక్స్‌ఫర్డ్‌లో అతనికి ఇద్దరు గొప్ప గురువులు దొరికారు. ఒకరు చార్లెస్ షెరింగ్టన్. నాడుల పనితీరును శోధించి, తరువాత 1932లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త ఆయన. రెండవవారు విలియం ఆస్లర్. రోగిని కేవలం రోగంగా కాక మనిషిగా చూడాలని శిష్యులకు నేర్పిన వైద్యుడు ఆయన. మెదడు అనే అజ్ఞాత ప్రదేశాన్ని శోధించాలన్న తపన షెరింగ్టన్ వద్ద మొదలైంది. రోగి పట్ల ఆదరం ఆస్లర్ వద్ద అలవడింది. పెన్‌ఫీల్డ్ జీవితమంతా ఈ రెండు పాఠాల మీదనే నడిచింది.

అవి మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. 1916 మార్చిలో పెన్‌ఫీల్డ్ ఫ్రాన్సులోని ఆస్పత్రిలో సేవ చేయడానికి ససెక్స్ అనే ఓడలో బయలుదేరాడు. ఇంగ్లీషు చానల్‌లో ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఎంతోమంది ప్రాణాలు కోల్పోయారు. పెన్‌ఫీల్డ్ కాలికి తీవ్రమైన గాయమైంది. అతడు మరణించాడని స్వదేశంలో ఒక పత్రిక వార్త కూడా ప్రచురించింది. కాని అతడు బ్రతికాడు. ఆస్లర్ దంపతులు తమ ఇంట్లోనే ఉంచుకొని అతనికి స్వస్థత చేకూర్చారు. దక్కిన ప్రాణాన్ని ఒక మంచి పనికి వినియోగించాలన్న దీక్ష ఆ రోజుల్లో అతనిలో మరింత గట్టిపడింది.

1917లో హెలెన్ కెర్మాట్‌ను వివాహం చేసుకొన్నాడు. 1918లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. బోస్టన్‌లో హార్వే కుషింగ్ వద్ద మెదడు శస్త్రచికిత్సను దగ్గరగా చూశాడు. 1921 నుండి న్యూయార్కులో శస్త్రవైద్యుడిగా పనిచేశాడు. ఆ కాలంలో మెదడు శస్త్రచికిత్స జరిగిన రోగులలో చాలామంది బ్రతికేవారు కారు. తాము కోసే మెదడు గురించి వైద్యులకు తెలిసింది చాలా తక్కువ అని పెన్‌ఫీల్డ్ గ్రహించాడు. అందుకే పేరు, సంపాదన అందుతున్న వయస్సులో మళ్ళీ విద్యార్థి అయ్యాడు. 1924లో స్పెయిన్ దేశపు మాడ్రిడ్ నగరానికి వెళ్ళి, మెదడు కణాలకు వెండి లవణాలతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసే విద్యను డెల్ రియో హోర్తేగా అనే శాస్త్రవేత్త వద్ద నేర్చుకొన్నాడు.

1928లో జర్మనీలోని బ్రెస్లా నగరానికి వెళ్ళాడు. ఆ నగరం నేడు పోలండ్‌లో ఉంది. అక్కడ ఆట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అనే వైద్యుడు యుద్ధంలో తలకు దెబ్బలు తగిలి మూర్ఛరోగం పాలైన సైనికులకు చికిత్స చేస్తున్నాడు. ఆయన పద్ధతి చాలా విచిత్రమైనది. రోగికి పూర్తి మత్తు ఇవ్వడు. తలపై చర్మాన్ని మాత్రం మొద్దుబారేలా చేసి, రోగి మెలకువగా మాట్లాడుతూ ఉండగానే పుర్రెను తెరుస్తాడు. ఇది క్రూరమనిపించవచ్చు. కాని మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు. మన శరీరంలో ఎక్కడ నొప్పి కలిగినా తెలుసుకొనేది మెదడే. అయినా దానిని ముట్టుకొంటే మాత్రం నొప్పి ఉండదు. ఫోర్‌స్టర్ బలహీనమైన విద్యుత్తును మెదడుకు తాకించి, ఏ చోట తాకితే మూర్ఛ లక్షణం మొదలవుతుందో కనిపెట్టి, ఆ గాయపు మచ్చను తొలగించేవాడు.

మెదడుకు విద్యుత్తు తాకిస్తే అవయవాలు కదులుతాయన్న సంగతి అప్పటికే తెలుసు. 1870లో ఫ్రిట్ష్, హిట్సిగ్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు కుక్కల మెదడు మీద ఈ ప్రయోగం చేశారు. మెదడు ఎడమ భాగాన్ని తాకితే కుడికాలు, కుడి భాగాన్ని తాకితే ఎడమకాలు కదిలింది. షెరింగ్టన్ పెద్ద కోతుల మెదడు మీద ఇటువంటి పరిశోధనే చేశాడు. కాని కుక్క గాని, కోతి గాని తనకు లోపల ఏమనిపిస్తున్నదో చెప్పలేదు. మెలకువగా ఉన్న మనిషి చెప్పగలడు. ఈ తేడాలోని విలువను పెన్‌ఫీల్డ్ గుర్తించాడు.

అదే సంవత్సరం ఆయన కెనడా దేశానికి వచ్చి మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, రాయల్ విక్టోరియా ఆస్పత్రిలో చేరాడు. సహచరుడు విలియం కోన్ కూడా ఆయనతో వచ్చాడు. కొత్త ఊళ్ళో కుదురుకొంటుండగానే ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. ఆయన అక్క రూత్ చిన్నతనం నుండి మూర్ఛతో బాధపడుతుండేది. ఆమె ఆరుగురు బిడ్డల తల్లి. తలనొప్పి, మూర్ఛలు ఎక్కువై, చూపు మందగించి ఆమె మాంట్రియల్ చేరింది. తమ్ముడు పరీక్షించి చూశాడు. మెదడు ముందుభాగంలో కుడివైపున పెద్ద కణితి ఉందని తేలింది.

తోడబుట్టినదాని తలను తెరవడానికి ఏ వైద్యునికైనా చేతులాడవు. కాని ఆ పని తెలిసినవారు ఆనాడు చాలా తక్కువ. 1928 డిసెంబరులో పెన్‌ఫీల్డ్ స్వయంగా శస్త్రచికిత్స చేశాడు. కణితి ఆయన అనుకొన్నదాని కంటే చాలా పెద్దది. మెదడు ముందుభాగాన్ని చాలావరకు తీసివేయవలసి వచ్చింది. రక్తస్రావం ఎక్కువైంది. చివరి ముక్కను తీయడం ఆయన వల్ల కాలేదు. అది మళ్ళీ పెరుగుతుందని ఆయనకు తెలుసు.

రూత్ కోలుకొని తన ఇంటికి వెళ్ళింది. బిడ్డలను ప్రేమగా చూసుకొంది. మాట, నడక, చేతిపని అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఏ లోపమూ లేదనిపించేది. దాదాపు పదిహేను నెలల తరువాత ఒకరోజు తమ్ముడు ఆమె ఇంటికి భోజనానికి వెళ్ళాడు. ఒక్క అతిథికి, ఇంట్లోని నలుగురికి వంట చేయాలి. రోజంతా సమయం ఉంది. ఇంతకు ముందు ఎన్నోసార్లు చేసిన పనే. కాని భోజనవేళ అయ్యేసరికి ఆమె వంటింట్లో దిక్కు తోచక నిలబడి ఉంది. సరుకులన్నీ ఉన్నాయి. ఒకటి రెండు పొయ్యి మీద ఉన్నాయి. మిగిలినవి మొదలే కాలేదు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆమెకు అందలేదు. పక్కన ఒకరు నిలబడి ఒక్కొక్క పనే చెబితే ఆమె చేతులు చక్కగా చేయగలిగాయి.

ఈ చిన్న సంఘటన పెన్‌ఫీల్డ్‌ను లోతుగా ఆలోచింపజేసింది. చేయి కదలడం వేరు. కదలికలను వరుసలో పెట్టి ఒక పనిగా మలచడం వేరు. కూర తరగడం, పొయ్యి చూసుకోవడం, పిండి పిసకడం అనే చిన్న చిన్న కదలికలను కలిపి వంట అనే పనిగా నడిపేది మెదడులో మరో చోట ఉంది. ఆ చోటుకూ, చేతిని కదిలించే చోటుకూ సంబంధం సరిగా ఉంటేనే పని సాగుతుంది. తన చేతులతో తీసివేసిన భాగం విలువ ఆయనకు తన అక్క వంటింట్లో తెలిసింది. ఆయన ఆ సంగతిని దాచిపెట్టలేదు. మరొక వైద్యునికి ఉపయోగపడుతుందని, 1935లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో ఆ వివరాలను ఉన్నవి ఉన్నట్లు వ్రాశాడు.

భయపడినట్లే కణితి మళ్ళీ పెరిగింది. 1931లో రూత్ మరణించింది. మెదడు రోగాలను ఒక్క శస్త్రవైద్యుడు ఒంటరిగా జయించలేడని ఆ మరణం పెన్‌ఫీల్డ్‌కు నేర్పింది. శస్త్రవైద్యులు, నాడీవైద్యులు, కణాలను పరిశీలించేవారు, విద్యుత్తును కొలిచేవారు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు అందరూ ఒకే కప్పు క్రింద కలిసి పనిచేసే సంస్థ కావాలని ఆయన అప్పటికే కలలు కంటున్నాడు. ఇప్పుడు ఆ కల పట్టుదలగా మారింది. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థ పన్నెండు లక్షల డాలర్లకు పైగా విరాళం ఇచ్చింది. ప్రభుత్వం, నగరవాసులు తోడ్పడ్డారు. 1934లో మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థ ప్రారంభమైంది. పెన్‌ఫీల్డ్ దానికి మొదటి డైరెక్టరు అయ్యాడు. అదే సంవత్సరం కెనడా పౌరసత్వం స్వీకరించాడు.

ఆ సంస్థకు వచ్చిన రోగులలో చాలామంది మూర్ఛరోగులు. మూర్ఛ అంటే గాలి సోకడం కాదు, దయ్యం పట్టడం కాదు. మెదడులోని కణాలు విద్యుత్తు సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయి. ఒక్కొక్కప్పుడు ఆ సంకేతాలు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగుతాయి. అప్పుడు చేతులు కాళ్ళు కొట్టుకొంటాయి, స్పృహ తప్పుతుంది. మన పల్లెల్లో మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం ఉంది. దాని వల్ల ప్రయోజనం లేదు. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తల క్రింద మెత్తని గుడ్డ ఉంచాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. మూర్ఛ ఐదు నిమిషాలకు మించి సాగితే వెంటనే ఆస్పత్రికి తీసుకొని పోవాలి. చాలామందికి మందులతోనే మూర్ఛ అదుపులో ఉంటుంది. మందులకు లొంగని మూర్ఛకు, అది మొదలయ్యే చోటును తొలగించడం ఒక మార్గం. పెన్‌ఫీల్డ్ చేసిన చికిత్స అదే.

అయితే రోగపు చోటును తీయబోయి చేతిని కదిలించే చోటును తీస్తే రోగి చేయి చచ్చుబడుతుంది. మాట్లాడించే చోటును తీస్తే మాట పోతుంది. కనుక ముందుగా ఆ చోట్లను గుర్తించాలి. రోగి మెలకువగా బల్ల మీద పడుకొని ఉండేవాడు. పెన్‌ఫీల్డ్ సన్నని విద్యుత్తు కడ్డీని మెదడు పైపొర మీద ఒక్కొక్క చోట తాకించేవాడు. ఒకచోట తాకితే బొటనవ్రేలు కదిలేది. మరొకచోట తాకితే పెదవి వంకరపోయేది. ఇంకొకచోట తాకితే చేతిలో తిమ్మిరి పుట్టినట్లు రోగి చెప్పేవాడు. తాకిన ప్రతిచోటా అంకె వేసిన చిన్న కాగితపు ముక్కను ఉంచేవారు. ఆ అంకెకు ఎదురుగా ఏమి జరిగిందో వ్రాసుకొనేవారు. చివరకు ఫోటో తీసేవారు. ఈ పని గంటల తరబడి సాగేది. అంతసేపూ రోగి ధైర్యంగా సహకరించాలి. పెన్‌ఫీల్డ్ వారితో నెమ్మదిగా మాట్లాడుతూ, చేయబోయే ప్రతి పనినీ వివరిస్తూ ఉండేవాడు.

ఇలా ఎంతోమంది రోగుల వివరాలను కూర్చి ఆయన, ఎడ్విన్ బోల్డ్రే అనే వైద్యుడు 1937లో ఒక వ్యాసం ప్రచురించారు. చెవికి పైభాగం నుండి నడినెత్తి వరకు సాగే మెదడు పట్టీ మీద శరీరమంతా తలక్రిందులుగా పరచుకొని ఉన్నట్లు వారు చూపించారు. నడినెత్తి దగ్గర పాదం, దాని తరువాత మొండెం, ఆ క్రింద చేయి, వ్రేళ్ళు, ఇంకా క్రింద ముఖం, నాలుక ఉంటాయి. చిత్రకారిణి హార్టెన్స్ కాంట్లీ దీనిని ఒక చిన్న మనిషి బొమ్మగా గీసింది. ఆ బొమ్మకు చేతులు, పెదవులు ఎంతో పెద్దవి. నడుము, కాళ్ళు చిన్నవి. శరీరంలో పెద్ద అవయవానికి మెదడులో పెద్ద చోటు దొరకదు. సున్నితమైన పని చేసే అవయవానికి పెద్ద చోటు దొరుకుతుంది. చెరువు నీటిని చేను పొడవును బట్టి కాక పైరు అవసరాన్ని బట్టి పంచినట్లన్నమాట.

ఈ బొమ్మ లోకమంతా ప్రసిద్ధి పొందింది. కాని పెన్‌ఫీల్డ్ దానితో తృప్తి పడలేదు. విద్యుత్తు తాకినప్పుడు పిడికిలి మూసుకొనేది, మోచేయి ముడుచుకొనేది. అంతే. ముగ్గు వేయడం, కుట్టుపని వంటి నేర్పుగల పని ఏదీ విద్యుత్తు వల్ల జరిగేది కాదు. మరొక వింత ఏమంటే, చేయి కదిలినప్పుడు రోగులు ఆ కదలిక తమది కాదనీ, వైద్యుడే చేయించాడనీ చెప్పేవారు. కడ్డీ చేతిని కదిలించింది గాని, కదిలించాలన్న కోరికను పుట్టించలేదు. 1951లో ఆయన కీస్లీ వెల్చ్‌తో కలిసి మెదడు లోపలి అంచున కదలికలకు సంబంధించిన మరొక చోటును వివరించాడు. అక్కడ తాకితే చేయి పైకి లేచి, తల ఆ చేతి వైపు తిరిగేది. అంటే కదలికకు ఒకే యజమాని లేడు. ఎన్నో చోట్లు కలిసి, ఒకదానికొకటి సంకేతాలు పంపుకొంటూ పని నడిపిస్తాయి.

పెన్‌ఫీల్డ్ సంస్థకు పలు దేశాల నుండి యువవైద్యులు వచ్చి శిక్షణ పొందారు. వారిలో కేరళకు చెందిన డాక్టర్ జేకబ్ చాందీ ఒకరు. ఆయన మాంట్రియల్‌లో నేర్చుకొన్న విద్యతో స్వదేశానికి తిరిగివచ్చి, 1949లో రాయవేలూరు అని మన పెద్దలు పిలిచే వేలూరులో, క్రైస్తవ వైద్య కళాశాలలో మెదడు, నాడుల శస్త్రచికిత్స విభాగాన్ని నెలకొల్పాడు. భారతదేశంలో అటువంటి విభాగం అదే మొదటిది. చిత్తూరు, కోలారు ప్రాంతాల తెలుగువారెందరో వైద్యం కోసం వెళ్ళే ఆస్పత్రి అది. మాంట్రియల్‌లో వెలిగిన దీపం నుండి మన పొరుగున మరో దీపం ఇలా వెలిగింది.

పెన్‌ఫీల్డ్‌కు 1953లో బ్రిటిష్ రాజ్యపు ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం లభించింది. 1960లో డైరెక్టరు పదవి నుండి విరమించాడు. తరువాత రచనలు చేశాడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు జీవితం ఆధారంగా ఒక నవల వ్రాశాడు. 1976 ఏప్రిల్ 5వ తేదీన మాంట్రియల్‌లో కన్నుమూశాడు. మెదడు ఎలా పనిచేస్తుందో ఎంత తెలిసినా, మనస్సు అంటే ఏమిటన్న ప్రశ్న ఆయనను చివరివరకు వదలలేదు. ఆ విషయం మీదనే ఆయన చివరి రోజుల్లో ఒక పుస్తకం వెలువడింది.

పెన్‌ఫీల్డ్ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పుర్రె తెరిస్తేనే మెదడును తాకగలం. కనుక రోగులను మాత్రమే, అదీ శస్త్రచికిత్స సమయంలోనే పరిశీలించడానికి వీలయ్యేది. ఆరోగ్యవంతుల మెదడు దారులను తెలుసుకోవడం ఎలా? ఆయన మరణించిన తొమ్మిదేళ్ళకు దీనికి ఒక జవాబు దొరికింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు అయస్కాంత శక్తితో, పుర్రె తెరవకుండానే, మెదడును ప్రేరేపించి చూపించారు.

దీని వెనుక ఉన్న సూత్రం పాతదే. మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గరలోని తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. బార్కర్ పరికరంలో రాగితీగ చుట్ట ఉంటుంది. దానిని తలకు ఆనించి, వెయ్యివంతు సెకను కంటే తక్కువసేపు పెద్ద విద్యుత్తును పంపుతారు. చిటుక్కుమన్న శబ్దం వినిపిస్తుంది. చుట్ట చుట్టూ పుట్టిన అయస్కాంత క్షేత్రం నొప్పి లేకుండా ఎముకను దాటి మెదడులో స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తుంది. చుట్టను చేతికి సంబంధించిన చోట ఉంచితే ఎదుటివైపు చేతివ్రేలు టక్కున కదులుతుంది. అయస్కాంత క్షేత్రం వేగంగా మారితేనే ఇది జరుగుతుంది. ఇంట్లో ఉండే మామూలు అయస్కాంతాన్ని తలకు ఆనిస్తే ఏమీ జరగదు.

ఈ పరికరంతో మెదడు దారులను కొలవవచ్చు. మెదడు నుండి బయలుదేరిన ఆజ్ఞ వెన్నుపాము గుండా చేతివ్రేళ్ళ కండరాలను చేరడానికి సుమారు యాభైవంతు సెకను పడుతుంది. దారి దెబ్బతింటే ఈ సమయం పెరుగుతుంది, లేక ఆజ్ఞ అసలు చేరదు. రెండు చుట్టలతో ఇంకొక పరీక్ష చేస్తారు. ముందు మెదడు ఒక భాగాన్ని, నూరవవంతు సెకను తరువాత రెండవ భాగాన్ని ప్రేరేపిస్తారు. అప్పుడు వ్రేలి కదలిక తగ్గిపోతుంది. అంటే మొదటి భాగం రెండవదానికి కాస్త ఆగమని సంకేతం పంపిందన్నమాట. ఎడమ చేయి, కుడి చేయి ఒకదానికొకటి అడ్డురాకుండా పనిచేయడంలో ఇటువంటి సంబంధాలకు పాత్ర ఉంది. పక్షవాతం వచ్చినవారిలో ఏ దారి మిగిలి ఉందో తెలుసుకోవడానికి కూడా ఈ పరీక్షలు తోడ్పడుతున్నాయి. తలలో లోహపు ముక్కలు, కొన్ని రకాల యంత్రాలు అమర్చినవారికి ఇది పనికిరాదు. శిక్షణ పొందినవారి పర్యవేక్షణలోనే దీనిని చేయాలి.

మంచేనహళ్ళి నుండి చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి మీదుగా బెంగళూరు చేరితే అక్కడ నిమ్హాన్స్ అనే జాతీయ సంస్థ ఉంది. మానసిక ఆరోగ్యానికి, నాడీ వైద్యానికి 1974లో ఏర్పడిన సంస్థ అది. బాగేపల్లి, చింతామణి పల్లెల నుండి కూడా రోగులు అక్కడికి వెళుతుంటారు. మెదడును అయస్కాంతంతో ప్రేరేపించే ఈ విధానాన్ని అక్కడి వైద్యులు పరిశోధనలోనూ, చికిత్సలోనూ వినియోగిస్తున్నారు.

పెన్‌ఫీల్డ్ గీసిన పటం కూడా మార్పు లేకుండా ఉండిపోలేదు. 2023లో అమెరికా శాస్త్రవేత్తలు మెదడు చిత్రాలను సూక్ష్మంగా పరిశీలించి ఒక కొత్త సంగతి ప్రకటించారు. ఆ పట్టీలో పాదం, చేయి, నోరు అనే భాగాల నడుమ మరికొన్ని చోట్లు ఉన్నాయి. అవి ఒక్క అవయవానికి చెందినవి కావు. పనిని ముందుగా ఆలోచించి సిద్ధం చేసే మెదడు భాగాలతో వాటికి గట్టి సంబంధం ఉంది. కదలికకూ ఆలోచనకూ మధ్య ఉన్న సంబంధం దెబ్బతింటే ఏమవుతుందో పెన్‌ఫీల్డ్ తన అక్క విషయంలో చూసి బాధపడ్డాడు. ఆ సంబంధపు దారులను నేటి శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా గుర్తిస్తున్నారు.

అక్కను కాపాడలేకపోయిన తమ్ముడు ఆ దుఃఖంతో ఆగిపోలేదు. అదే రోగంతో వచ్చే మరెందరినో కాపాడడానికి ఒక సంస్థను కట్టాడు. తన చికిత్స వల్ల కలిగిన నష్టాన్ని కూడా లోకానికి తెలియజేశాడు. తల తెరిచి ఉండగా గంటల తరబడి ఓర్చుకొని, తమకు కలిగిన అనుభవాన్ని చెప్పిన ఎందరో రోగుల ధైర్యం కూడా ఆ పటంలో ఉంది. వారి పేర్లు మనకు తెలియవు. వారు చెప్పిన మాటల వల్లనే నేడు ఒక వైద్యుడు మెదడు మీద కత్తి పెట్టేముందు, ఎక్కడ ఆగాలో తెలుసుకొంటున్నాడు.